స్టేపుల్డ్ హెమరాయిడోపెక్సీ

స్టేపుల్డ్ హెమరాయిడోపెక్సీ అనేది బయటికి జారే అంతర్గత మొలలకు చేసే ఒక శస్త్రచికిత్స. దీనిని లాంగో పద్ధతి, పి.పి.హెచ్., స్టేపుల్డ్ ఆనోపెక్సీ అనే పేర్లతో కూడా పిలుస్తారు. సామాన్య వాడుకలో స్టేప్లర్ ఆపరేషన్ అంటారు. ఈ పద్ధతిలో మొలలను కోసి తీసివేయరు. మొలలకు పైభాగాన పురీషనాళము లోపలి పొరను వలయాకారంలో కొంత మేర కత్తిరించి, మిగిలిన రెండు అంచులను చిన్న టైటానియం పిన్నులతో కలుపుతారు. దీనితో కిందికి జారిన మొలలు పైకి లాగబడి తమ పూర్వస్థానంలో నిలుస్తాయి. కత్తిరించడం, కలపడం అనే రెండు పనులనూ వలయాకారపు స్టేప్లర్ అనే పరికరం ఒకేసారి చేస్తుంది.

ఇటలీకి చెందిన శస్త్రవైద్యుడు ఆంటోనియో లాంగో 1993లో రూపొందించిన ఈ పద్ధతి 1998 తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. మొలలను కోసి తీసివేసే పాత పద్ధతితో పోలిస్తే ఇందులో తొలి వారాలలో నొప్పి తక్కువ. రోగి త్వరగా పనిలోకి వెళ్ళగలడు. అయితే ఏళ్ళ తరబడి పరిశీలించినపుడు మొలలు తిరిగి రావడం ఇందులోనే ఎక్కువ. పాత పద్ధతిలో చాలా అరుదైన కొన్ని తీవ్ర ఉపద్రవాలు కూడా దీని తరువాత నమోదయ్యాయి. ఈ లాభాలకూ నష్టాలకూ మూలం ఒక్కటే: శస్త్రచికిత్స జరిగేది మొలల మీద కాదు, వాటికి పైన ఉన్న పురీషనాళంలో.

పేరు

గ్రీకు మూలం గల వైద్య పదాలలో 'పెక్సీ' అంటే ఒక అవయవాన్ని దాని స్థానంలో స్థిరపరచడం, 'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం. తొలి రోజుల వైద్య వ్యాసాలలో ఈ చికిత్సను 'స్టేపుల్డ్ హెమరాయిడెక్టమీ' అని వ్రాశారు. ఇందులో మొలలను తీసివేయడం లేదు కనుక ఆ పేరు సరికాదని తరువాత గుర్తించి, హెమరాయిడోపెక్సీ అనే పేరును స్థిరపరచారు. పి.పి.హెచ్. అనేది 'ప్రొసీజర్ ఫర్ ప్రొలాప్స్ అండ్ హెమరాయిడ్స్' అనే పేరుకు సంక్షిప్త రూపం. ఈ చికిత్స కోసం ప్రత్యేకంగా తయారైన పరికరాల పెట్టెకు కూడా ఇదే పేరు ఉన్నది.

తెలుగులో ఈ వ్యాధిని మొలలు, అర్శమొలలు, మూలవ్యాధి, పైల్స్ అనే పేర్లతో పిలుస్తారు. ఆయుర్వేద గ్రంథాలలో దీని పేరు అర్శస్సు.

మొలల స్వభావం

మొలలు బయటినుండి వచ్చి చేరిన గడ్డలు కావు. గుదనాళము లోపల రక్తనాళాలు, మృదువైన కండర పోగులు, సంధాయక కణజాలము కలిసిన మెత్తలు ప్రతి మనిషిలోనూ పుట్టుకతోనే ఉంటాయి. సాధారణంగా ఇవి మూడు చోట్ల ఉంటాయి. మలద్వారము పూర్తిగా మూసుకొనడానికి, వాయువును, ద్రవాన్ని పట్టి ఉంచడానికి ఇవి తోడ్పడతాయి. 1975లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు డబ్ల్యు. హెచ్. ఎఫ్. థామ్సన్ ఈ మెత్తలను వివరించి, అవి కిందికి జారడమే మొలల వ్యాధి అని ప్రతిపాదించాడు. మెత్తలను పట్టి ఉంచే పోగులు వయస్సుతోనూ, మలబద్ధకం వల్ల ఎక్కువగా ముక్కడంతోనూ సడలిపోతాయి. అప్పుడు మెత్తలు ఉబ్బి, రక్తం కారుతూ, బయటికి జారుతాయి.

గుదనాళము మధ్యలో పళ్ళ వరుస వలె కనిపించే ఒక గీత ఉంటుంది. దీనిని దంతురరేఖ అంటారు. ఈ రేఖకు కింద ఉన్న చర్మానికి శరీరపు పైచర్మంలాగే స్పర్శ, నొప్పి బాగా తెలుస్తాయి. రేఖకు పైన ఉన్న శ్లేష్మపొరకు కోత వల్ల కలిగే నొప్పి దాదాపు తెలియదు. సాగదీసినపుడు, ఒత్తిడి కలిగినపుడు మాత్రం ఇబ్బంది తెలుస్తుంది. రేఖకు పైన పుట్టే మొలలను అంతర్గత మొలలని, కింద పుట్టే వాటిని బాహ్య మొలలని అంటారు. లాంగో పద్ధతి మొత్తం ఈ దంతురరేఖ మీదనే ఆధారపడి ఉన్నది.

అంతర్గత మొలలను గోలిగర్ వర్గీకరణ ప్రకారం నాలుగు దశలుగా విభజిస్తారు.

* మొదటి దశ: రక్తం పడుతుంది కాని మొలలు బయటికి రావు.
* రెండవ దశ: ముక్కినపుడు బయటికి వచ్చి, తమంతట తామే లోపలికి వెళతాయి.
* మూడవ దశ: బయటికి వచ్చిన మొలలను చేతితో లోపలికి నెట్టవలసి వస్తుంది.
* నాలుగవ దశ: ఎల్లప్పుడూ బయటనే ఉంటాయి, లోపలికి నెట్టినా నిలవవు.

చరిత్ర

మొలలకు శస్త్రచికిత్స చాలా ప్రాచీనమైనది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో అర్శస్సుకు ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రము అనే నాలుగు విధాల చికిత్సలు చెప్పబడ్డాయి. మలద్వారము లోపలి భాగాన్ని చూడడానికి వాడే అర్శోయంత్రం వర్ణన కూడా అందులో ఉన్నది.

ఆధునిక కాలంలో ప్రామాణికమైన పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన మిల్లిగన్, మోర్గాన్ 1937లో ప్రచురించారు. ఇందులో మొలలను విడివిడిగా కోసి, మొదళ్ళను కట్టివేసి, గాయాలను కుట్టకుండా వదిలివేస్తారు. 1959లో అమెరికాకు చెందిన ఫెర్గూసన్ గాయాలను కుట్టివేసే పద్ధతిని వివరించాడు. రెండింటిలోనూ వ్యాధి బాగా నయమవుతుంది. కాని దంతురరేఖకు కింద ఉన్న చర్మంలో గాయాలు మిగలడం వల్ల మొదటి రెండు మూడు వారాలు మలవిసర్జన సమయంలో తీవ్రమైన నొప్పి ఉంటుంది. ఈ నొప్పికి భయపడి శస్త్రచికిత్సను ఏళ్ళ తరబడి వాయిదా వేసే రోగులు అనేకులు.

శస్త్రచికిత్సలో పిన్నులతో కణజాలాన్ని కలిపే పరికరాన్ని 1908లో బుడాపెస్టులో హ్యూమర్ హుల్ట్ల్ మొదటిసారి ఉపయోగించాడు. తరువాత సోవియట్ యూనియన్‌లో ఈ పరికరాలు బాగా అభివృద్ధి చెందాయి. 1958లో అక్కడికి వెళ్ళిన అమెరికన్ శస్త్రవైద్యుడు మార్క్ రావిచ్ వాటిని తన దేశానికి పరిచయం చేశాడు. ప్రేగు చివరలను గుండ్రంగా కలిపే వలయాకారపు స్టేప్లర్లు 1970వ దశకం చివరినుండి పురీషనాళ శస్త్రచికిత్సలో విరివిగా వాడుకలోకి వచ్చాయి.

ఈ పరికరాన్ని జారిన మొలలకు వాడే పద్ధతిని ఆంటోనియో లాంగో 1993లో ఆరంభించాడు. 1998లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ ఎండోస్కోపిక్ శస్త్రచికిత్స మహాసభలో దానిని వివరించాడు. మెత్తలు జారడమే వ్యాధి అయినపుడు వాటిని కోసివేయడం కంటే తిరిగి పైకి నిలపడమే సహజమైన చికిత్స అన్నది అతని వాదన. పైనుండి వచ్చే రక్తనాళాల శాఖలు కూడా కత్తిరింపులో తెగిపోతాయి కనుక మొలలు చిన్నవవుతాయని కూడా భావించారు. రక్తప్రవాహం తగ్గడం వల్ల నిజంగా ఎంత మేలు కలుగుతుందన్నది మాత్రం వివాదాస్పదంగానే మిగిలింది.

ఎవరికి చేస్తారు

ఈ పద్ధతి ముఖ్యంగా మూడవ దశ మొలలకు, అందులోనూ గుదనాళము చుట్టూ వలయంగా జారిన వాటికి తగినది. రబ్బరు బ్యాండు వంటి సులభ చికిత్సలకు లొంగని రెండవ దశ మొలలకు కూడా చేస్తారు. నాలుగవ దశలో, మత్తు ఇచ్చిన తరువాత మొలలు లోపలికి వెళ్ళగలిగితేనే ఇది సాధ్యమవుతుంది. బాహ్య మొలలకు, మలద్వారం చుట్టూ వేలాడే చర్మపు తోకలకు ఇది చికిత్స కాదు. అవి పెద్దవిగా ఉంటే విడిగా కోయవలసి ఉంటుంది.

క్రింది పరిస్థితులలో ఈ చికిత్స చేయరు.

* మలద్వారం వద్ద చీముగడ్డ లేదా కుళ్ళు ఉన్నపుడు
* గుదనాళము ఇరుకుగా ఉండి పరికరం పట్టనపుడు
* రక్తం గడ్డకట్టి, వాచి, బిగుసుకుపోయిన మొలలు ఉన్నపుడు
* పురీషనాళము గోడ మొత్తం బయటికి జారే వ్యాధిలో

మలాన్ని ఆపుకొనే శక్తి ముందే తగ్గినవారిలో ఈ చికిత్స గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉంటుంది.

మలంలో రక్తం పడిన ప్రతిసారీ దానికి మొలలే కారణమని అనుకొనరాదు. పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్ కూడా ఇదే లక్షణంతో మొదలు కావచ్చు. అందుచేత శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు వేలితోనూ, ప్రోక్టోస్కోపుతోనూ పరీక్షిస్తాడు. వయస్సు, కుటుంబ చరిత్ర, మలవిసర్జన అలవాటులో మార్పు, రక్తహీనత వంటి వాటిని బట్టి కొలనోస్కోపీ చేయిస్తారు. మొలలు కళ్ళకు కనబడుతున్నంత మాత్రాన పైన మరొక వ్యాధి లేదని చెప్పడానికి వీలులేదు.

పరికరాలు

లాంగో పద్ధతికి వాడే పరికరాలు ఒకే పెట్టెలో వస్తాయి. ఒక రోగికి వాడినవి మరొకరికి వాడరు. ఇందులో ముఖ్యమైనవి నాలుగు.

* 33 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయాకారపు స్టేప్లర్. దీని తల విడదీయగలిగినట్లుగా ముందుకు జరుగుతుంది. లోపల పిన్నుల వరుసలు రెండు, వాటికి లోపలి వైపున గుండ్రని కత్తి ఉంటాయి.
* గుదనాళాన్ని తెరచి ఉంచే పారదర్శకమైన గొట్టం.
* కుట్టు వేసేటపుడు ఒక్కొక్క వైపు మాత్రమే కనబడేలా చేసే ఆనోస్కోపు.
* దారపు కొసలను స్టేప్లర్ పక్క రంధ్రాలగుండా బయటికి లాగే కొక్కెం.

మొదటి నమూనా అయిన పి.పి.హెచ్.-01 తరువాత వచ్చిన పి.పి.హెచ్.-03లో పిన్నులు మరింత బిగుతుగా మూసుకొంటాయి. కలిపిన గీత నుండి రక్తస్రావాన్ని తగ్గించడం ఈ మార్పు ఉద్దేశ్యం.

శస్త్రచికిత్స విధానం

శస్త్రచికిత్సకు ముందు ఎనీమా ఇచ్చి పురీషనాళాన్ని శుభ్రపరుస్తారు. చాలావరకు వెన్నుకు మత్తు ఇచ్చి చేస్తారు. పూర్తి మత్తులో కూడా చేయవచ్చు. రోగిని వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి ఉంచుతారు, లేదా బోర్లా పడుకోబెడతారు.

1. మలద్వారాన్ని మెల్లగా వెడల్పు చేసి పారదర్శక గొట్టాన్ని లోపలికి ప్రవేశపెడతారు. దానిని చుట్టూ ఉన్న చర్మానికి కుట్లతో బిగిస్తారు. దీనితో జారిన మొలలు లోపలికి వెళతాయి, దంతురరేఖ గొట్టంగుండా స్పష్టంగా కనబడుతుంది.

2. ఆనోస్కోపును కొద్దికొద్దిగా తిప్పుతూ, దంతురరేఖకు సుమారు 4 సెంటీమీటర్ల పైన పురీషనాళము చుట్టూ పాలీప్రొపిలీన్ దారంతో ఒక కుట్టు వేస్తారు. ఇది సంచి మూతిని తాడుతో బిగించినట్లుగా ఉంటుంది. దీనిని పర్స్ స్ట్రింగ్ కుట్టు అంటారు. సూది శ్లేష్మపొర, దాని కింది పొర వరకే వెళ్ళాలి. కండరంలోకి దిగరాదు.

3. స్టేప్లర్ తలను పూర్తిగా తెరచి, కుట్టుకు పై భాగానికి చేరుస్తారు. దారాన్ని తల కింది కడ్డీ చుట్టూ బిగించి ముడివేస్తారు. దారపు కొసలను కొక్కెంతో పక్క రంధ్రాలగుండా బయటికి తీస్తారు.

4. దారాన్ని మెల్లగా లాగుతూ స్టేప్లరును మూస్తారు. దీనితో జారిన శ్లేష్మపొర పరికరం లోపలి గిన్నెలోకి వస్తుంది. స్త్రీలలో ఈ దశలో యోని వెనుక గోడను వేలితో పరీక్షించి, అది పరికరంలో చిక్కుకోలేదని నిర్ధారించుకొంటారు. ఈ పరీక్షను ఎన్నడూ వదలరాదు.

5. మూసిన స్టేప్లరును కొద్దిసేపు అలాగే ఉంచి పేలుస్తారు. రెండు వరుసల పిన్నులు నాటుకొని, గుండ్రని కత్తి లోపలి పొరను వలయంగా కోస్తుంది. రక్తస్రావం ఆగడానికి మరికొంతసేపు ఆగి, పరికరాన్ని కొద్దిగా తెరచి బయటికి తీస్తారు.

6. కలిపిన గీతను చుట్టూ పరీక్షిస్తారు. రక్తం కారుతున్నచోట కరిగే దారంతో కుట్లు వేస్తారు. ఈ గీత దంతురరేఖకు కనీసం 2 సెంటీమీటర్ల పైన ఉండాలి.

7. పరికరంలో వచ్చిన కణజాలపు వలయం పూర్తిగా ఉన్నదో లేదో చూసి, సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుతారు.

మొత్తం శస్త్రచికిత్సకు సాధారణంగా అరగంట పడుతుంది.

కుట్టు యొక్క ప్రాముఖ్యం

పరికరం తన పనిని ప్రతిసారీ ఒకే విధంగా చేస్తుంది. ఫలితాన్ని నిర్ణయించేది వైద్యుడు చేతితో వేసే పర్స్ స్ట్రింగ్ కుట్టు. అది మరీ కిందికి ఉంటే పిన్నులు దంతురరేఖ వద్ద పడి, తీవ్రమైన నొప్పి, మలవిసర్జన ఆపుకోలేకపోవడం కలుగుతాయి. మరీ పైకి ఉంటే మొలలు తగినంతగా పైకి లేవవు. లోతుగా ఉంటే కండరం, ఒక్కొక్కసారి పురీషనాళపు గోడ మొత్తం కత్తిరింపులోకి వస్తుంది. కుట్ల మధ్య ఎడం ఎక్కువైతే వలయం ఒకచోట తెగి, ఆ వైపు మొల అలాగే మిగులుతుంది. స్టేప్లర్ తల కుట్టుకు పైకి చేరక ఒక మడతలో చిక్కుకొంటే పురీషనాళపు మార్గమే మూసుకుపోయే ప్రమాదం ఉన్నది. అందుచేత ఈ పద్ధతిని శిక్షణ పొందినవారే చేయాలని మొదటినుండి సూచిస్తున్నారు.

శస్త్రచికిత్స తరువాత

చాలామంది రోగులు అదే రోజు లేదా మరునాడు ఇంటికి వెళతారు. బయట గాయం ఉండదు కనుక కట్టు మార్చవలసిన అవసరం లేదు. మొదటి కొన్ని రోజులు లోపల బరువుగా ఉన్నట్లు, మలవిసర్జనకు వెంటనే వెళ్ళాలనిపించినట్లు ఉండడం సాధారణం. ఎక్కువమందిలో ఇది కొన్ని వారాలలో తగ్గుతుంది. మలం గట్టిపడకుండా నీరు, ఆకుకూరలు, పండ్లు, పీచు గల ధాన్యాలు, అవసరమైతే ఇసబ్‌గోల్ పొట్టు తీసుకొనమని చెబుతారు. ముక్కడం, మరుగుదొడ్డిలో ఎక్కువసేపు కూర్చోవడం మానాలి. మొలలకు మూలమైన ఈ అలవాట్లు మారకపోతే ఏ చికిత్స తరువాతనైనా వ్యాధి తిరిగి రావచ్చు.

టైటానియం పిన్నులను తిరిగి తీయరు. కొన్ని కాలక్రమేణా మలంతో పాటు పడిపోతాయి, మిగిలినవి లోపలే ఉంటాయి. టైటానియం అయస్కాంతానికి ఆకర్షింపబడదు కనుక తరువాత ఎం.ఆర్.ఐ. పరీక్షకు ఇవి సాధారణంగా అడ్డు కావు. అయినా పరీక్ష చేసేవారికి ముందుగా చెప్పడం మంచిది. గుదసంభోగం అలవాటు గలవారికి పిన్నుల వల్ల గాయమయ్యే అవకాశం గురించి శస్త్రచికిత్సకు ముందే తెలియజేయాలి.

క్రింది లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

* రోజులు గడిచేకొద్దీ తగ్గవలసిన నొప్పి పెరగడం
* జ్వరం, చలి
* మూత్రం రాకపోవడం
* కడుపు కింది భాగంలో నొప్పి, ఉబ్బరం
* గడ్డలుగా లేదా ఆగకుండా రక్తం పడడం

పెరుగుతున్న నొప్పి, జ్వరం, మూత్రం బిగదీయడం అనే మూడూ కలిసి వస్తే కటిభాగంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ మొదలైందేమోనని అనుమానించాలి. శస్త్రచికిత్స తరువాత ఇవి సహజమేనని ఇంటివద్దే ఉండిపోవడం ప్రాణాపాయకరం కావచ్చు.

ఫలితాలు

తొలి అధ్యయనాలు

2000వ సంవత్సరంలో లాన్సెట్ పత్రిక బ్రిటన్‌లో జరిగిన రెండు చిన్న తులనాత్మక అధ్యయనాలను ప్రచురించింది. ఒకదానిలో 40 మంది, మరొకదానిలో 22 మంది రోగులు ఉన్నారు. రెండింటిలోనూ స్టేప్లర్ చికిత్స పొందినవారికి నొప్పి తక్కువగా ఉన్నది, వారు త్వరగా కోలుకొన్నారు. ఈ ఫలితాలు కొత్త పద్ధతికి ఎంతో ప్రచారం కల్పించాయి.

అదే సంవత్సరం అదే పత్రికలో హెచ్చరికలు కూడా వచ్చాయి. సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు తాము పరిశీలించిన 16 మంది రోగులలో 5గురికి విడవని నొప్పి, మలవిసర్జనకు ఆపుకోలేని తొందర మిగిలాయని తెలిపారు. ఈ చికిత్స తరువాత ప్రాణాంతక స్థాయిలో కటిభాగపు ఇన్ఫెక్షన్ వచ్చిన ఉదంతాన్ని మరొక వ్యాసం వివరించింది.

సమీక్షలు

2006లో ప్రచురితమైన కోక్రేన్ సమీక్ష ఈ పద్ధతిని కోసి తీసే పద్ధతితో పోల్చింది. మొలలు తిరిగి రావడాన్ని లెక్కించిన 7 అధ్యయనాలలో, స్టేప్లర్ చికిత్స పొందిన 269 మందిలో 23 మందికి, పాత పద్ధతిలో చికిత్స పొందిన 268 మందిలో 4గురికి మొలలు తిరిగి వచ్చాయి. మొలలు బయటికి జారుతున్నాయన్న ఫిర్యాదు కూడా స్టేప్లర్ జట్టులోనే ఎక్కువ.

2007లో 25 అధ్యయనాలను, 1,918 శస్త్రచికిత్సలను సమీకరించిన మరొక సమీక్ష కొత్త పద్ధతి పట్ల సుముఖంగా ఉన్నది. శస్త్రచికిత్స సమయం, నొప్పి, ఆసుపత్రిలో ఉండే కాలం తక్కువని తెలిపింది. అయితే ఒక సంవత్సరం లేదా అంతకు మించి పరిశీలించినపుడు తిరిగి రావడం స్టేప్లర్ పద్ధతిలో 5.7 శాతం, పాత పద్ధతిలో 1 శాతం అని అది కూడా గుర్తించింది. అదే సంవత్సరం బ్రిటన్‌లోని నైస్ సంస్థ, జారిన అంతర్గత మొలలకు శస్త్రచికిత్స అవసరమైనవారికి ఇది ఒక ఎంపికగా ఉండవచ్చునని సిఫారసు చేసింది.

ఈథోస్ అధ్యయనం

అప్పటివరకు జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, పరిశీలన కాలం తక్కువ. ఈ లోటును తీర్చడానికి బ్రిటన్‌లోని 32 ఆసుపత్రులలో 'ఈథోస్' అనే పెద్ద అధ్యయనం జరిగింది. రెండవ దశ నుండి నాలుగవ దశ వరకు మొలలు ఉన్న 777 మంది రోగులను ఇందులో యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించారు. ఫలితాలు 2016లో లాన్సెట్‌లో వెలువడ్డాయి.

తొలి వారాలలో స్టేప్లర్ చికిత్స పొందినవారికే నొప్పి తక్కువ. కాని 24 నెలల కాలాన్ని మొత్తంగా చూచినపుడు, కోసి తీసే పద్ధతిలో చికిత్స పొందినవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉన్నది. వారిలో వ్యాధి లక్షణాలు, తిరిగి రావడం తక్కువ. పరికరం ఖరీదు వల్ల స్టేప్లర్ పద్ధతికి ఖర్చు కూడా ఎక్కువైంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు పాత పద్ధతితోనే కలుగుతుందని అధ్యయనకర్తలు తేల్చారు. మొదటి నెలలో రోగి పొందే సుఖం రెండు సంవత్సరాల ఫలితాన్ని సూచించదని ఈ అధ్యయనం స్పష్టపరచింది.

తిరిగి రావడానికి కారణాలు

మొలలు తమ స్థానంలోనే ఉండిపోవడం వల్ల, పైకి లాగిన పొర కాలక్రమేణా సడలితే అవి మళ్ళీ జారుతాయి. ఎక్కువగా జారిన మొలలలో పరికరం గిన్నెలో పట్టేంత మేరకే పొరను తీయగలగడం మరొక కారణం. అందువల్లనే నాలుగవ దశలో ఫలితాలు అంత సంతృప్తికరంగా లేవు. బాహ్య భాగం, చర్మపు తోకలు మిగిలిపోవడం వల్ల కూడా వ్యాధి తగ్గలేదని కొందరు రోగులు భావిస్తారు.

ఉపద్రవాలు

సాధారణమైనవి

* రక్తస్రావం: తొలి గంటలలో కలిపిన గీత నుండి రావచ్చు. కొన్నిసార్లు తిరిగి మత్తు ఇచ్చి కుట్టు వేయవలసి వస్తుంది.
* మూత్రం రాకపోవడం: వెన్నుకు ఇచ్చిన మత్తు వల్ల, నొప్పి వల్ల కలుగుతుంది. చాలామందిలో తాత్కాలికమే. జ్వరంతో కలిసి వస్తే మాత్రం ప్రమాద సూచన.
* మలవిసర్జనకు తొందర: పురీషనాళపు నిలువ సామర్థ్యం తగ్గడం, పిన్నుల చుట్టూ వాపు దీనికి కారణాలని భావిస్తారు.
* కలిపిన గీత ఇరుకవడం: చాలావరకు వేలితో లేదా సాధనంతో వెడల్పు చేస్తే సరిపోతుంది.
* దీర్ఘకాలిక నొప్పి: కొద్దిమందిలో నెలల తరబడి ఉంటుంది. మిగిలిన పిన్నులను తీయవలసి రావచ్చు.

అరుదైనవి, తీవ్రమైనవి

పురీషనాళానికి రంధ్రం పడడం, కటిభాగంలోనూ ఉదరపు వెనుక భాగంలోనూ ఇన్ఫెక్షన్ వ్యాపించడం, పురీషనాళానికి, యోనికి మధ్య దారి ఏర్పడడం, పురీషనాళపు మార్గం పూర్తిగా మూసుకుపోవడం వైద్య పత్రికలలో నమోదయ్యాయి. కొందరికి ఉదరం మీద తాత్కాలికంగా మలమార్గం ఏర్పరచవలసి వచ్చింది. మరణాలు కూడా సంభవించాయి. ఇవి చాలా అరుదు. అయినా మొలలు స్వతహాగా ప్రాణాంతక వ్యాధి కావు కనుక, వాటి చికిత్సలో ఇటువంటి ప్రమాదం అరుదుగానైనా ఉండడం వైద్యులను ఆలోచింపజేసింది.

ఇతర పద్ధతులతో పోలిక

మొదటి, రెండవ దశల మొలలలో ఎక్కువ భాగం ఆహార మార్పులతోనూ, రబ్బరు బ్యాండు వేయడంతోనూ తగ్గుతాయి. 1963లో బారన్ ప్రాచుర్యం కల్పించిన బ్యాండు పద్ధతికి మత్తు అవసరం లేదు. ఖర్చు తక్కువ. తిరిగి వేయవలసి రావచ్చు.

1995లో జపాన్‌కు చెందిన మోరినాగా డాప్లర్ సహాయంతో మొలలకు వెళ్ళే ధమనులను గుర్తించి కట్టివేసే పద్ధతిని వివరించాడు. ఇందులో కత్తిరింపు ఉండదు. జారిన పొరను కుట్లతో పైకి మడిచే ప్రక్రియను దీనికి తరువాత జతచేశారు. మొలలను వాటి స్థానంలో నిలపడం అనే లాంగో ఆలోచనే ఇందులోనూ ఉన్నది, కాని పిన్నులు లేవు.

ఆయుర్వేదంలోని క్షారసూత్రాన్ని భారతదేశంలో భగందరానికి ఎక్కువగానూ, మొలలకు కొంతమేరకూ వాడుతున్నారు. లేజరు చికిత్సలు కూడా నగరాలలో ప్రచారంలో ఉన్నాయి. పేరు కొత్తదైనంత మాత్రాన ఫలితం మెరుగని చెప్పలేమని స్టేప్లర్ పద్ధతి చరిత్ర చూపుతున్నది.

నేటి స్థానం

ఆరంభంలో మొలల చికిత్సను పూర్తిగా మార్చివేస్తుందని భావించిన ఈ పద్ధతి వాడకం, దీర్ఘకాలిక ఫలితాలు వెలువడిన తరువాత అనేక దేశాలలో తగ్గింది. 2024లో అమెరికన్ పెద్దప్రేగు, పురీషనాళ శస్త్రవైద్యుల సంఘం వెలువరించిన మార్గదర్శకాలు దీనిని సాధారణంగా మొదటి ఎంపికగా సూచించలేదు. అయినా ఇది వాడుక నుండి తొలగిపోలేదు. చుట్టూ సమానంగా జారిన మూడవ దశ మొలలు ఉండి, బాహ్య భాగం లేనివారిలో, త్వరగా పనిలోకి వెళ్ళడం ముఖ్యమైనవారిలో, తిరిగి వచ్చే అవకాశాన్ని తెలిసి అంగీకరించిన మీదట దీనిని చేస్తున్నారు.

శస్త్రచికిత్సకు అంగీకరించే ముందు రోగి తన మొలలు ఏ దశలో ఉన్నవో, సులభ చికిత్సలతో తగ్గే అవకాశం ఉన్నదో లేదో, రక్తస్రావానికి వేరే కారణం లేదని ఎలా నిర్ధారించారో, ఆ వైద్యునికి ఈ పద్ధతిలో ఎంత అనుభవం ఉన్నదో అడిగి తెలుసుకొనవచ్చు. నొప్పి తక్కువ అన్నది నిజమే. ఆ సౌఖ్యానికి బదులుగా ఏమి వదులుకొంటున్నారో కూడా తెలిసినపుడే ఆ అంగీకారం సంపూర్ణమవుతుంది.

ఇవి కూడా చూడండి

* మొలలు
* భగందరము
* మలబద్ధకము
* పెద్దప్రేగు క్యాన్సర్
* సుశ్రుతుడు